సుంకి ఘాట్‌లో ఏడుగురితో ఎర్టిగా: కొనేముందు చూసుకోవాల్సిన లెక్కలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కొరాపుట్, జయపురం వైపు తెలుగు కుటుంబాలు ఏడు సీట్ల బండి కొనేది షోకు కోసం కాదు. సగం చుట్టాలు ఇటు ఒడిశాలో ఉంటే సగం అటు పార్వతీపురం, విజయనగరం, శ్రీకాకుళంలో ఉంటారు. పెళ్లికి వెళ్లినా, విశాఖలో పెద్దాసుపత్రికి వెళ్లినా, అరసవల్లి మొక్కు తీర్చుకోవాలన్నా ఇంటిల్లిపాదీ ఒకే బండిలో కదలాలి. ఆ అవసరానికి చాలామంది మొదట చూసేది మారుతి ఎర్టిగా. ఇక్కడ రాస్తున్నది 2018 నవంబరులో వచ్చిన రెండో తరం బండి గురించి, అందులోనూ 2022లో కొత్త ఇంజిన్‌తో వచ్చిన పెట్రోల్ మాన్యువల్ గురించి. సీఎన్‌జీ, ఆటోమేటిక్ సంగతులు అవసరమైన చోట చెబుతాను.

ముందే తేల్చి చెప్పాల్సిన మాట ఒకటుంది. ఐదుగురు పెద్దలు, ఇద్దరు పిల్లలు, మితమైన సామాను, నెలకు రెండు మూడుసార్లు ఘాట్ దిగి ఎక్కే ప్రయాణం అయితే ఎర్టిగా చక్కగా సరిపోతుంది. ఏడుగురూ పెద్దవాళ్లే, పైన క్యారియర్ నిండా సామాను, వారం వారం సాలూరు నుంచి సుంకి కొండదారి మీదుగా కొరాపుట్ అంటే మాత్రం ఇది కొనకండి. ఈ రెంటికీ మధ్యలో ఉన్నవాళ్లకు బండి బాగుండటం, బాగోకపోవడం లోడు ఎలా వేస్తున్నారు, ఏ గేరులో ఎక్కిస్తున్నారు అన్న రెండు విషయాల మీదే ఉంటుంది. ఒకే మోడల్ గురించి ఇద్దరు ఓనర్లు పూర్తిగా వేరువేరుగా మాట్లాడటానికి కారణం ఇదే.

బరువు లెక్కతో మొదలుపెడదాం. ఖాళీ పెట్రోల్ బండి వేరియంట్‌ను బట్టి 1150 నుంచి 1205 కేజీల మధ్య ఉంటుంది. మనుషులు, సామానుతో కలిపి కంపెనీ ఒప్పుకునే గరిష్ఠ బరువు 1785 కేజీలు. అంటే మనం ఎక్కించగలిగేది సుమారు 600 కేజీలు. ఒక్కొక్కరు 65 కేజీల చొప్పున ఏడుగురంటే 455 కేజీలు అయిపోయాయి. మిగిలిన నూట నలభైలోనే పెట్టెలు, నీళ్ల క్యాన్లు, ఊరి నుంచి తెచ్చే బియ్యం బస్తా, క్యారియర్ సొంత బరువు అన్నీ ఇమడాలి. పెళ్లికి వెళ్లేటప్పుడు ఇత్తడి సామాను, సారె బుట్టలు కూడా పెడితే ఈ గీత దాటడం ఎంత సులువో చెప్పక్కర్లేదు. గీత దాటిన బండి మైదానంలో ఏమీ తెలియనివ్వదు. ఘాట్ దిగేటప్పుడు బ్రేకుల దగ్గర తెలుస్తుంది.

మూడు వరుసలూ నిలబెట్టి ఉంటే డిక్కీలో మిగిలేది 209 లీటర్ల చోటు. రెండు చిన్న ట్రాలీ పెట్టెలు నిలువుగా పడతాయి, వాటి మీద ఒకటి రెండు గుడ్డ సంచులు. మూడో వరుస పూర్తిగా మడిస్తే 550 లీటర్లు వస్తుంది. చివరి సీటు సగం సగంగా మడుస్తుంది కాబట్టి మన అవసరాలకు బాగా కుదిరే పద్ధతి ఆరుగురు మనుషులు, ఒక సగం మడిచి అక్కడ సామాను. బరువైనవి ఎప్పుడూ కింద, రెండో వరుస వీపుకు ఆనించి పెట్టాలి. తేలికవి పైన. ఏదీ తాడుతో కట్టకుండా వదలొద్దు. గట్టిగా బ్రేకు వేస్తే ఇత్తడి బిందె ముందు కూర్చున్నవాళ్ల తల మీదికే వస్తుంది.

మూడో వరుస పిల్లలకు, 5 అడుగుల 4 అంగుళాల లోపు ఎత్తున్న పెద్దలకు పనికొస్తుంది. అక్కడ నేల ఎత్తుగా ఉండటంతో మోకాళ్లు పైకి లేచి, తొడలకు ఆనిక ఉండదు. గంట దాటితే నడుము పట్టేస్తుంది. రెండో వరుస సీటు ముందుకూ వెనక్కూ జరుగుతుంది. దాన్ని పూర్తిగా వెనక్కి తోసేస్తే చివర కూర్చున్నవాళ్లకు కాళ్లు పెట్టుకునే చోటే ఉండదు. సగానికి జరిపితే రెండు వరుసలకూ సరిపోతుంది. తాతయ్యను, మామ్మను వెనక్కి పంపకండి. వాళ్లకు ముందు సీటు మంచిది. సీటు ఎత్తు నడుముకు సమంగా ఉంటుంది కాబట్టి ఎగబాకాల్సిన పని లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందు పక్కకు కూర్చుని, ఆ తర్వాత రెండు కాళ్లూ లోపలికి తిప్పుకుంటే ఇంకా సులువు. ఘాట్ మలుపుల్లో వాంతి అయ్యే పిల్లలను కూడా చివర కూర్చోబెట్టొద్దు. వెనక ఇరుసు మీద ఊపు ఎక్కువ, కిటికీ తెరుచుకోదు, ముందున్న రోడ్డు కనపడదు. వాళ్లకు రెండో వరుసలో కిటికీ పక్కన చోటివ్వండి.

ఇక ఎక్కుడు సంగతి. సాలూరు నుంచి సుంకి మీదుగా కొరాపుట్ పీఠభూమికి చేరేసరికి సుమారు 870 మీటర్ల ఎత్తుకు వస్తాం. 26వ నంబరు జాతీయ రహదారి కావడంతో లారీలు ఆగకుండా నడుస్తుంటాయి. ఎర్టిగా ఇంజిన్ 1462 సీసీ, 136.8 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం. కానీ ఆ టార్క్ పూర్తిగా అందేది 4400 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర. డీజిల్ బండి నుంచి మారినవాళ్లు తడబడేది ఇక్కడే. డీజిల్‌లో అలవాటైనట్టు మూడో గేరులో 30 వేగంతో లారీ వెనకాల లాగిస్తే ఇంజిన్ 1500 దగ్గర పడి ఉంటుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా కదలదు, టకటకమని నాకింగ్ మొదలవుతుంది, మైలేజీ కూడా పడిపోతుంది. రెండో గేరుకు దించండి. 35 నుంచి 40 వేగంలో ఇంజిన్ సుమారు 2500 నుంచి 3000 మధ్య తిరుగుతుంది, అక్కడ బండికి ఊపిరి వస్తుంది. మోత ఎక్కువైందని భయపడనక్కర్లేదు. పెట్రోల్ ఇంజిన్‌కు ఎక్కువ తిప్పడం కంటే తక్కువ తిప్పి బరువు లాగించడమే చేటు.

ఓవర్‌టేక్ చేసే ముందే గేరు దించాలి, పక్కకు వచ్చాక కాదు. ఏడుగురున్నప్పుడు ఏసీ కూడా ఆపితే ఆ నాలుగైదు సెకన్లకు కొంచెం బలం మిగులుతుంది. మైల్డ్ హైబ్రిడ్ (ఇంజిన్‌కు సాయపడే చిన్న కరెంటు మోటారు) ఉంది కదా అని ధైర్యపడొద్దు. దాని సాయం కదిలే క్షణంలో, వేగం పెంచేటప్పుడు కొద్దిసేపే. పొడవైన ఎక్కుడులో దాని ప్రభావం కనిపించదు.

హెయిర్‌పిన్ మీద లారీ ఆగినప్పుడు సగం క్లచ్ మీద బండిని నిలబెట్టి ఉంచడం ఇక్కడ మామూలు అలవాటు. క్లచ్ ప్లేటు త్వరగా పోవడానికి ముఖ్య కారణం అదే. హ్యాండ్ బ్రేక్ లాగి, న్యూట్రల్ చేసి, క్లచ్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేయండి. కదలాల్సినప్పుడు మొదటి గేరు వేసి, క్లచ్ పట్టు దొరికిందని బానెట్ కొంచెం లేచినప్పుడు హ్యాండ్ బ్రేక్ వదలాలి. హిల్ హోల్డ్ ఉన్న బండి బ్రేకు వదిలాక రెండు సెకన్లపాటు పట్టి ఉంచుతుంది, అంతకంటే ఎక్కువ ఆశించొద్దు. ఘాట్ మొదలయ్యే ముందు ఐడిల్ స్టార్ట్ స్టాప్ బటన్ నొక్కి ఆపేయడం మంచిది. మలుపు మీద ఆగిన ప్రతిసారీ ఇంజిన్ ఆగి మళ్లీ అంటుకోవడం కొత్త డ్రైవర్లను కంగారు పెడుతుంది. కాలిన వాసన వస్తే చోటు చూసి ఆపండి. పది పదిహేను నిమిషాలు చల్లారనిస్తే క్లచ్ తేరుకుంటుంది, అలాగే తొక్కితే ప్లేటు గాజులా నునుపెక్కి జారడం మొదలుపెడుతుంది.

దిగుడు ఎక్కుడు కంటే ప్రమాదం. బండికి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. నిండు లోడుతో మూడు, నాలుగు గేర్లలో దిగుతూ మలుపు మలుపుకూ బ్రేకు తొక్కితే డిస్కులు వేడెక్కి, ఫ్లూయిడ్ మరిగి, పెడల్ మెత్తబడుతుంది. ఎక్కిన గేరులోనే దిగాలన్నది పాత లారీ డ్రైవర్ల సూత్రం, ఎర్టిగాకు అక్షరాలా వర్తిస్తుంది. రెండో గేరులో ఉంచి, మలుపు ముందు గట్టిగా ఒకసారి తొక్కి వదలండి. అరపాదం ఆనించి కిందిదాకా రావద్దు. ఆరు గేర్ల ఆటోమేటిక్‌లో అయితే డీ (డ్రైవ్)లో వదిలేయకుండా స్టీరింగ్ వెనకున్న మీటలతో రెండుకో మూడుకో దించుకోవాలి. పెడల్ మెత్తగా తగిలితే ఆపి ఇరవై నిమిషాలు వదిలేయండి, హ్యాండ్ బ్రేక్ లాగకుండా మొదటి గేరులో ఉంచి చక్రానికి రాయి అడ్డం పెట్టండి. వేడి డిస్కు మీద నీళ్లు పోయకండి. డిస్కు వంకర తిరిగి, ఆ తర్వాత బ్రేకు తొక్కిన ప్రతిసారీ స్టీరింగ్ వణుకుతుంది. బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లో తేమను పీల్చుకునే రకం. తేమ చేరేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. అందుకే ఘాట్‌లో తిరిగే బండికి బ్రేకులు బాగానే ఉన్నాయనిపించినా రెండేళ్లకోసారి ఫ్లూయిడ్ మార్చాలి. బరంపురం నుంచి మోహన వైపు తప్తపాణి ఘాట్‌కూ ఇవే జాగ్రత్తలు.

టైర్లు 185/65 ఆర్15. డ్రైవర్ డోరు తెరిస్తే పక్క స్తంభం మీద కనిపించే స్టిక్కరే గాలికి ప్రమాణం, పంక్చర్ షాపు లెక్క కాదు. బయల్దేరే ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. కొరాపుట్ చలికాలం పొద్దున్న పట్టిన గాలి మధ్యాహ్నం విశాఖ ఎండలో నాలుగైదు పాయింట్లు పెరిగి కనిపిస్తుంది. అది సహజం, అక్కడ తీసేయకండి. తీసేస్తే తిరుగు ప్రయాణంలో తక్కువ గాలితో ఘాట్ ఎక్కుతారు. స్టెప్నీలో గాలి కూడా అప్పుడే చూడాలి.

నేల నుంచి ఎత్తు కాగితం మీద 180 మిల్లీమీటర్ల పైన ఉన్నా అది ఖాళీ బండి లెక్క. ఏడుగురు ఎక్కాక వెనక భాగం బాగా కుంగి, ఊళ్ల దగ్గర మట్టితో పోసిన ఎత్తు స్పీడ్ బ్రేకర్లకు మధ్య సైలెన్సర్ రాసుకుంటుంది. దీనికి విరుగుడుగా వెనక స్ప్రింగుల మధ్య రబ్బరు బఫర్లు దూర్చడం ఇక్కడ షాపుల్లో మామూలైంది. నేనైతే వద్దనే అంటాను. లోడు ఉన్నప్పుడు ఎత్తు కొంచెం పెరిగే మాట నిజమే. ఖాళీగా తిరిగేటప్పుడు స్ప్రింగు పనిచేయాల్సినంత మేర పనిచేయక ఆ దెబ్బంతా షాక్ అబ్జార్బర్ పట్టీల మీద పడుతుంది, తడి మలుపులో వెనక చక్రం పట్టు తగ్గుతుంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనకున్న ఇద్దరిని దించితే ఖర్చు లేకుండా పని అవుతుంది. గతుకుల్లో ముందు నుంచి టక్ టక్ మని వస్తే ముందు చూడాల్సినవి స్టెబిలైజర్ లింకులు, ఆ తర్వాత లోయర్ ఆర్మ్ బుష్‌లు. లింకులు రెండు వైపులా కలిపి మార్చాలి. ఇవేవీ చూడకుండా సస్పెన్షన్ మొత్తం మార్చాలని ఎవరైనా అంటే రెండో చోట చూపించండి.

ఏసీ గురించి వెనక కూర్చున్నవాళ్ల ఫిర్యాదు ఎప్పుడూ ఉండేదే. కారణం తెలిస్తే సగం తీరుతుంది. వెనక ఏసీ పైకప్పులో ఉన్న బండ్లలో దానికి విడిగా చల్లబరిచే కాయిల్ లేదు, అది ముందు చల్లబడిన గాలిని లాగి వెనక్కి ఊదే ఫ్యాను మాత్రమే. కాబట్టి ముందు ఫ్యాను తగ్గించి వెనకది పెంచితే వేడి గాలే తిరుగుతుంది. ఎండలో నిలబెట్టిన బండైతే మొదట రెండు నిమిషాలు అద్దాలు దించి నడపండి. తర్వాత ముందు ఫ్యాను ఎక్కువలో పెట్టి, లోపలి గాలే తిరిగే బటన్ నొక్కి, మధ్య వెంట్లు రెండూ పైకప్పు వైపు తిప్పండి. పది నిమిషాల్లో చివరి వరుసకు చల్లదనం అందుతుంది. రాయగడ, కొరాపుట్ ఎర్రమట్టి దుమ్ముకు గ్లవ్ బాక్స్ వెనకున్న క్యాబిన్ ఫిల్టర్ తొందరగా మూసుకుపోతుంది. ఐదు వేల కిలోమీటర్లకోసారి తీసి దులపండి. ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్‌కూ అదే వరస.

కంపెనీ చెప్పే మైలేజీ మాన్యువల్‌కు లీటరుకు 20.51 కిలోమీటర్లు. చేతికందేది మైదానంలో 80 దాటకుండా వెళ్తే 17, 18. ఊళ్లో 12 నుంచి 14. నిండు లోడుతో ఘాట్‌లో 11, 12. ట్యాంకు 45 లీటర్లు కాబట్టి రాయగడ నుంచి విశాఖకు వెళ్లి రావడానికి మధ్యలో బంకు వెతుక్కోనక్కర్లేదు. పైన క్యారియర్ ఖాళీగా ఉన్నా గాలికి అడ్డమే, పని అయ్యాక విప్పేయండి.

సీఎన్‌జీ బండి మైదానంలో, ముఖ్యంగా బరంపురం చుట్టుపక్కల తిరిగేవాళ్లకు లాభమే. కేజీకి 26.11 అని కంపెనీ లెక్క. కొండ మీది కుటుంబాలకు నేను సిఫార్సు చేయను. గ్యాస్ మీద టార్క్ 121.5కు పడిపోతుంది, బండి బరువు పెరుగుతుంది, సిలిండర్ డిక్కీలోనే కూర్చుంటుంది కాబట్టి ఏడుగురు ఎక్కితే పెట్టె పెట్టే చోటు ఉండదు. ఇప్పటికే ఉన్నవాళ్లు ఘాట్ మొదట్లోనే స్విచ్ నొక్కి పెట్రోల్‌కు మారండి, పెట్రోల్ పావు ట్యాంకుకు తగ్గనివ్వొద్దు. సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) తప్పనిసరి, ప్లేటు మీద తేదీ చూసుకోండి.

సర్వీసు పది వేల కిలోమీటర్లకు లేదా ఏడాదికి, ఏది ముందైతే అది. ఊరి గ్యారేజీలో వేయించుకోవడంలో తప్పు లేదు, ఆయిల్ మాత్రం బండితో వచ్చే పుస్తకం చెప్పిన 0డబ్ల్యూ-16 గ్రేడే వేయించండి. బొలేరోలకు, ట్రాక్టర్లకు తెచ్చిపెట్టిన చిక్కటి ఆయిల్ ఇందులో పోస్తే సన్నటి ఆయిల్ దారుల్లో ఆలస్యంగా చేరుతుంది, పొద్దున్న స్టార్ట్ చేసినప్పుడు మోత వస్తుంది. డబ్బా మీ ముందే తెరవమనండి. కూలెంట్ బదులు బావి నీళ్లు పోయొద్దు. ముందు ప్యాసింజర్ సీటు కింద హైబ్రిడ్ లిథియం బ్యాటరీ ఉంటుంది కాబట్టి వాగు దగ్గరో వాషింగ్ దగ్గరో లోపల పైపుతో నీళ్లు కొట్టించకండి, తడిగుడ్డతో తుడవడమే. బ్యాటరీ దిగిపోయి జంపర్ వేయాల్సి వస్తే బానెట్ కింది మామూలు బ్యాటరీకే వేయాలి. వరికోతల రోజుల్లో కళ్లం పక్కన నిలిపిన బండ్లలో ఎలుకలు వైర్లు కొరకడం ఎక్కువ. రాత్రి బానెట్ ఎత్తి ఉంచడం, రెండు రోజులకోసారైనా బండి కదపడం మందుల కంటే బాగా పనిచేస్తాయి.

భద్రత విషయం దాచకూడదు. ఆఫ్రికా మార్కెట్ కోసం మన దేశంలో తయారైన రెండు ఎయిర్‌బ్యాగుల ఎర్టిగాకు 2024లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో పెద్దల రక్షణకు ఒక స్టార్, పిల్లలకు రెండు స్టార్లు వచ్చాయి. 2025లో ఇక్కడ అన్ని వేరియంట్లకూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇచ్చారు, కొత్తది కొనేవాళ్లు అంతకు ముందు తయారైన స్టాకు తీసుకోకండి. మూడో వరుసలో తలకూ వెనక అద్దానికీ మధ్య దూరం తక్కువ, కాబట్టి అక్కడ పిల్లలకూ బెల్టు తప్పకుండా పెట్టాలి. చంటిపిల్లల సీటు రెండో వరుస పక్క సీట్లలో ఐసోఫిక్స్ కొక్కేలకు తగిలించాలి.

వారం వారం నిండు లోడు ఘాట్ అవసరమైతే డీజిల్ చూడండి. కియా కారెన్స్ డీజిల్ 250 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, అదీ తక్కువ ఆర్‌పీఎంలోనే. రెండో వరుస సీటు బటన్‌తో ఎగరడం ముసలివాళ్లకు సాయం. ఇన్నోవా క్రిస్టా 343 న్యూటన్ మీటర్లు, ఛాసిస్ మీద కట్టిన బాడీ, వెనకకు విడి ఏసీ కాయిల్. డబ్బు పెట్టగలిగితే కొరాపుట్ రోడ్లకు దాన్ని మించింది లేదు. అయితే కొత్త డీజిళ్లలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉంటుంది, ఊళ్లో రెండేసి కిలోమీటర్లు తిరిగే బండికి అది మూసుకుపోతుంది. రెనో ట్రైబర్ చివరి సీట్లు పూర్తిగా ఊడదీయొచ్చు కానీ 96 న్యూటన్ మీటర్ల ఇంజిన్ ఏడుగురితో సుంకి ఎక్కడానికి చాలదు.

పాతది కొనేవాళ్లకు 2019, 20లో కొద్దికాలమే అమ్మిన 1.5 డీజిల్ ఎర్టిగా దొరికితే అదే మేలు, 225 న్యూటన్ మీటర్లు. విశాఖలో ధర తక్కువని ఆంధ్రా నంబరు బండి కొంటే అసలు ఖర్చు తర్వాత మొదలవుతుంది. ఏడాదికి మించి ఒడిశాలో వాడాలంటే పాత ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని, ఇక్కడి పన్ను కట్టి, ఓడీ-10 (కొరాపుట్), ఓడీ-18 (రాయగడ), ఓడీ-20 (గజపతి) ఏదైతే అది కొత్త నంబరు తీసుకోవాలి. బేరం ఆడేటప్పుడే ఆ పన్ను ధరలో కలుపుకోండి. లోను ఉన్న బండైతే ఫారం 35 (లోను తీరిందన్న పత్రం), బ్యాంకు లెటరు చేతికొచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. పసుపు బోర్డు మీద తిరిగి తర్వాత తెల్ల బోర్డుకు మారినవి కూడా అమ్మకానికి వస్తుంటాయి. ఆర్‌సీ చరిత్ర, సర్వీసు రికార్డులో కిలోమీటర్లు చూడండి. చివరి వరుస బెల్టులు పూర్తిగా లాగి తుద దగ్గర మట్టి గీత ఉందేమో చూడండి, వరద నీళ్లలో మునిగిన బండిని అది పట్టిస్తుంది. ఆ తర్వాత నలుగురిని ఎక్కించుకుని ఒక ఎక్కుడు మీద రెండో గేరులో పూర్తిగా తొక్కి చూడండి. ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ సెట్టు ఖర్చు ధరలో తగ్గించమనాలి.